కృపారాణి డిగ్రీకి ఎంతొస్తది?

కోదాడలో కృపారాణిని బాగున్నావా అని ఎవరూ అడగరు. "అయితే బిడ్డా, ఆ సదువుకు ఎంతొస్తది?" అంటారు. కూరగాయలమ్మే రుక్కమ్మ వంకాయలు తూస్తూ అడుగుతుంది. చర్చి మెట్ల మీద చెప్పులు వేసుకుంటూ పెద్దలు అడుగుతారు. డాక్టరును ఎవరూ అడగరు, కాంట్రాక్టరును అసలే అడగరు. జర్నలిజంలో పీజీ చేసిన పిల్ల లెక్క మాత్రం ఊరందరికీ కావాలి.

ఆమె ఒక దినపత్రికకు కోదాడ విలేకరి. మెడలో కార్డు ఉంది, బండి మీద ప్రెస్ అనే స్టిక్కరు ఉంది, జీతం ఒక్కటే లేదు. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత అని పెద్దలు విలేకరులను చూసే అని ఉంటారు. జీతానికి బదులు ఉన్నది లైన్ అకౌంట్. అచ్చయిన వార్తలన్నీ కత్తిరించి, తెల్లకాగితాల మీద అంటించి, పక్కన స్కేలు పెట్టి కొలిచి, ఇన్ని సెంటీమీటర్లని రాసి నెలాఖరుకు సూర్యాపేట ఆఫీసుకు పంపాలి. సెంటీమీటరుకు నాలుగు రూపాయలు. పిండి కొద్దీ రొట్టె.

ఈ లెక్కలో కృపారాణికి చదువే శత్రువైంది. హైదరాబాద్‌లో రెండేళ్లు ఆమెకు నేర్పిందేమిటి? పది మాటల్లో అయ్యేదాన్ని పదిహేను మాటల్లో చెప్పకు. ఎవరు చెప్పినా కాగితం చూడందే నమ్మకు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకు. పిచ్చిది, మూడూ పాటించింది. మంత్రి వచ్చి వెళ్లిన సభను కూడా ఆరు సెంటీమీటర్లలో ముగించేది. పదో తరగతి తప్పిన నగేష్, ఇంకో పత్రిక విలేకరి, అదే సభను ముప్పై సెంటీమీటర్లు సాగదీసేవాడు. అందులో ఇరవై రెండు 'ఈ కార్యక్రమంలో' అని మొదలై 'తదితరులు పాల్గొన్నారు' అని ముగిసే పేర్లే.

"సెల్లె, నువ్వు వార్త రాస్తున్నవ్, నేను పెండ్లి పత్రిక రాస్తున్న" అనేవాడు నగేష్. "పేరు తప్పితే తిట్లు నాకే, కొలిస్తే పైసలు నాకే."

జూన్ నెలకు కృపారాణి బిల్లు పదకొండు వందల పన్నెండు రూపాయలు. ఆ కాగితం పట్టుకుని ఆమె తల్లి సైదమ్మ చాలాసేపు నవ్వింది. సైదమ్మ నాట్ల ముఠాకు మేస్త్రి. కాల్వకు సాగర్ నీళ్లు వదిలారంటే చాలు, ఇరవై మంది ఆడవాళ్లతో ఎకరాల లెక్కన గుత్త మాట్లాడుకుని మళ్లలోకి దిగుతుంది.

"నేను మడిల నాటేస్త, నువ్వు కాగితం మీద నాటేస్తవ్. ఇద్దరిదీ కొలత కూలే గదనే!" అంది. "మరి నాకు రెండు దినాలకొచ్చేది నీకు నెలకొస్తదా?"

ఆ నవ్వు చల్లారకముందే మిర్యాలగూడ నుంచి ఫోను. సైదమ్మ అన్న సత్యానందం అక్కడ ఒక ప్రైవేటు బడిలో గుమాస్తా. తల్లిదండ్రులకు ఫీజులు వివరించడానికి ఒక చదువుకున్న అమ్మాయి కావాలట. నెలకు పద్నాలుగు వేలు. ఆగస్టు ఒకటికల్లా చేరాలి.

సైదమ్మ కూతురి ముందు కూర్చుంది. ఇప్పుడు నవ్వలేదు.

"నేను వొంగిన నడుముతోని సదివిచ్చిన్నే నిన్ను. ఈ నెల దాక సూస్త. ఈలోపు ఆ డిగ్రీతోని అయ్యే పని ఒక్కటన్న నా కండ్లకు సూపియ్యి. లేకుంటె బ్యాగు సర్దు."

పైసలు రాకపోయినా విలేకరి పని అంటే కృపారాణికి ప్రాణం. పొద్దున్నే పత్రిక విప్పి తన ఆరు సెంటీమీటర్లు చూసుకుంటే రోజంతా నేల మీద నిలిచేది కాదు. ఇప్పుడు అది వదిలి ఎల్‌కేజీకి ఇంత, యూకేజీకి ఇంత అని చెప్పుకుంటూ బతకాలా?

నెలాఖరు దగ్గర పడింది. ఒక సాయంత్రం సైదమ్మ బురద కాళ్లతో వచ్చి గడపలో కూలబడింది. హుజూర్‌నగర్ రోడ్డు మీద దామోదర్ పొలం నాటి వచ్చారు. దామోదర్‌కు హుజూర్‌నగర్‌లో ఎరువుల దుకాణం, నలుగురిలో పలుకుబడి ఉన్నాయి.

"మూడెకరాలన్నడు పటేలు, మూడెకరాలకే ఇచ్చిండు. ఎకరానికి ఐదు వేలు. కానీ నారు ఎక్కువ పట్టిందే! నా సేతికి తెల్వదా ఎకరానికెన్ని కట్టలో? నాలుగెకరాల నారు మింగింది ఆ మడి. పోయినేడూ గంతే."

"అడగకపోయినవా?"

"నారు కట్టలు సాచ్చెం జెప్తయానే?"

కృపారాణి లేచి నిలబడింది. ఎవరు చెప్పినా కాగితం చూడాలి. తల్లి చెప్పినా సరే. పక్క మడి రైతుకు ఫోన్ చేసి సర్వే నంబరు పట్టింది. భూముల వెబ్‌సైటు తెరిచింది. నెట్ వస్తూ పోతూ ఆమె ప్రాణం తీసింది. చివరికి దామోదర్ పేరు వచ్చింది, పక్కన విస్తీర్ణం వచ్చింది. మూడు ఎకరాల ఇరవై ఎనిమిది గుంటలు. నలభై గుంటలైతే ఇంకో ఎకరమే. ఆ సంతోషంలో తల్లిని పట్టుకుని ఒక్క గిరగిర తిప్పింది. "ఒసే, నా నడుమే!" అని సైదమ్మ కేక పెట్టింది.

మర్నాడు కృపారాణి కాగితం ప్రింటు తీయించి, తల్లిని బండి వెనక కూర్చోబెట్టుకుని దామోదర్ దుకాణానికి వెళ్లింది. యూరియా బస్తాల మధ్య కూర్చున్న దామోదర్ ముందు ప్రెస్ కార్డు చూశాడు, తర్వాత మనిషిని చూశాడు.

"రా బిడ్డా, రా. పంద్రాగస్టు యాడ్ కోసమేనా? పావు పేజీ రాస్కో. నీ కమీషన్ నీకొస్తది."

కృపారాణికి నోరూరింది. అబద్ధమెందుకు? పావు పేజీ అంటే కమీషనే ఆరు వేలు. అది తెచ్చి చూపిస్తే తల్లి నోరు మూతపడుతుంది, మామ నోరూ మూతపడుతుంది, మిర్యాలగూడ గండం గట్టెక్కుతుంది. తల ఊపితే చాలు.

కృపారాణి మెడలో కార్డు తీసి చొక్కా జేబులో పెట్టుకుంది.

"యాడ్ వద్దు సార్. నేను విలేకరిగ రాలే, మేస్త్రి బిడ్డగ వచ్చిన. నాకు ఇరవై ఎనిమిది గుంటల కూలి కావాలె."

కాగితం బల్ల మీద పెట్టింది. దామోదర్ కళ్లద్దాలు సవరించుకున్నాడు.

"గట్లు, కాల్వలు పోంగ మూడే ఉంటదమ్మా."

"గట్లకు ఇరవై ఎనిమిది గుంటలు పోతయా సార్? సర్కారు దగ్గర రైతు భరోసా పైసలు మూడెకరాల ఇరవై ఎనిమిది గుంటలకు తీస్కున్నరు గద. కూలి కాడికి వచ్చేసరికి పొలం సన్నబడ్డదా?"

ఎరువు కొనడానికి వచ్చిన ఇద్దరు రైతులు ఫక్కుమన్నారు. దామోదర్ వాళ్లవైపు కోపంగా చూశాడు, కాగితం వైపు చూశాడు, చివరకు ఏమనుకున్నాడో తానూ నవ్వేశాడు.

"ఏం సదివినవే నువ్వు?"

"జర్నలిజం సార్."

"దానికి ఎంతొస్తది?" అంటూనే గల్లాపెట్టె తెరిచాడు. మూడు వేల ఐదు వందలు లెక్కబెట్టి సైదమ్మ చేతిలో పెట్టాడు.

ఆ సాయంత్రం ముఠా అంతా సైదమ్మ ఇంటి ముందు చేరింది. డబ్బు పంచేముందు ఆడవాళ్లు ఒక్కమాటగా తేల్చారు. ఇరవై కాదు, ఇరవై ఒక్క వాటా. ముఠాలో చెయ్యి పెట్టినవాళ్లకు పాలు ఇవ్వకపోవడం వాళ్ల ఆనవాయితీలో లేదు.

"వద్దత్తా, విలేకరులం మేం ఎవరి దగ్గరా తీసుకోవద్దు" అంది కృపారాణి ముఠాలో పెద్దామెతో, పాఠం గుర్తొచ్చి.

సైదమ్మ నడుం మీద చెయ్యి పెట్టింది. "విలేకరిగ రాలేదంటివి గద? మేస్త్రి బిడ్డగ వచ్చిన్నంటివి గద? మరి మేస్త్రి బిడ్డకు కూలెందుకు వద్దే? పట్టు!"

ఆ లాజిక్కుకు హైదరాబాద్ ప్రొఫెసర్లు కూడా జవాబు చెప్పలేరు. కృపారాణి చెయ్యి చాపింది. నూట అరవై ఆరు రూపాయలు. చిల్లర తేలక మిగిలిన పద్నాలుగు రూపాయలకు చాక్లెట్లు తెప్పించి అందరూ నోట్లో వేసుకున్నారు. కృపారాణికి ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, రెండూ ఒకేసారి వచ్చి పొలమారింది.

అప్పుడే ఫోను మోగింది. సైదమ్మ స్పీకరు నొక్కింది.

"ఏమాయె సెల్లె?" అన్నాడు సత్యానందం మిర్యాలగూడ నుంచి. "ఎల్లుండే ఒకటో తారీఖు. పిల్లను పంపుతున్నవా లేదా? ఇంతకూ ఆ డిగ్రీకి ఎంతొస్తదో తేలిందా?"

"తేలింది" అంది సైదమ్మ. "ఇరవై ఎనిమిది గుంటలు."

"ఏందీ?"

"అది ఒక్క మడికే అన్నా. ఈ యేడు మేం నాటిన మడులు ఇంక పదకొండున్నయ్. నిడమనూరు కాడ రెండు. అన్నిటి కాగితాలు తియ్యాలె. పిల్లకు తీరిక లేదు, ఇంకెవల్నన్న సూస్కోమను మీ బడోళ్లను."