పిన్ని కలిపిన లైను

మొన్న మా పిన్ని ఇంట్లో నెట్ ఆగిపోయింది. బాగుచెయ్యడానికొచ్చిన మనిషిని ఆమె ఏదో అడగబోతే, "మీకు అర్థం కాదులెండి ఆంటీ, సార్‌ని పిలవండి" అన్నాడు. పిన్ని వెళ్ళి బాబాయిని లేపుకొచ్చింది. నాకు మాత్రం ఆమె పాత రోజులు గుర్తొచ్చాయి.

తొంభైల చివర్లో సత్తెనపల్లిలో బాబాయికి ఎస్టీడీ బూత్ ఉండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఊళ్ళో అందరికంటే ముందు తనే ఇంటర్నెట్ పెట్టాలని కంప్యూటరూ, దాన్ని ఫోను లైనుకు కలిపే మోడెమూ కొనుక్కొచ్చాడు. లైను ఎంతకీ కలిసేది కాదు. రిసీవరెత్తితే మనకు నిక్షేపంలా వినిపించే డయల్ టోన్, ఆ డబ్బాకు మాత్రం ఆనేది కాదు. బాబాయి దాన్ని తిట్టాడు, తట్టాడు, చివరికి కొబ్బరికాయ కూడా కొట్టాడు. బీఎస్సీ చదివి, పెళ్ళయ్యాక కుక్కరు కూతలు లెక్కపెట్టుకుంటున్న పిన్ని, మోడెంతోపాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని పొయ్యి పక్కన పెట్టుకుని చదివింది. సెలవులకెళ్ళిన నేను చూస్తుండగానే ఓ మధ్యాహ్నం కొట్లోకొచ్చి, నల్లటి తెరమీద ఏటీఎక్స్3 అని కొట్టింది. టోన్ కోసం చూడకుండా నంబరు తిప్పెయ్యమని దానికి చెప్పడమట. డబ్బా కీచుమని అరిచి, గరగరలాడి, లైను కలిసింది. పిన్ని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

అప్పట్నించి కొట్లో ఆమే కూచునేది. లైను మొరాయించినప్పుడల్లా ఏదో ఒక ఆదేశం కొట్టి దారికి తెచ్చేది. జనం "మేడమ్ గారూ" అనడం మొదలెట్టాక బాబాయికి కంటగింపైంది. "ఆడది కొట్లో కూచుంటే నలుగురూ ఏవనుకుంటారు? ఇక తమ్ముడు చూసుకుంటాళ్ళే" అన్నాడు. ఆ తమ్ముడు పుస్తకం అట్ట కూడా తిప్పలేదు.

పదో తరగతి ఫలితాల రోజు కొట్టు నిండా జనం. లైను కలవదు. బాబాయి వంటింట్లోకొచ్చాడు. "ఏమేవ్, ఒక్కసారొచ్చి కలిపెయ్యి."

"నలుగురూ చూస్తారుగా" అంది పిన్ని, మిరపకాయల తొడిమలు తీస్తూనే.

కానీ పల్లెనుంచి వచ్చిన ఒక అమ్మాయి కొట్టు గుమ్మంలో కూచుని, ఫలితం తెలీక వెక్కివెక్కి ఏడవడం లోపలికి వినిపిస్తోంది. పిన్ని చేతులు కడుక్కుని లేచింది. బాబాయి జనాన్ని బయటికి పంపి, షట్టరు సగం దించాడు. ఆమె లైను కలిపి, వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయాక గానీ ఎత్తలేదు. ఆ అమ్మాయి పాసైంది. "మీ చలవేనండీ అంకుల్" అని దణ్ణం పెట్టింది. బాబాయి వద్దనలేదు. వంటింట్లో పిన్ని మళ్ళీ మిరపకాయల ముందు కూచుంది. ఘాటుకో మరి దేనికో, కళ్ళు ఎర్రబడ్డాయి.

కొన్నాళ్ళకు కేబుల్ నెట్ వచ్చింది. ఆ ఆదేశాలతో ఇక ఎవరికీ పనిలేకపోయింది. ఆడవాళ్ళకు కాలం కలిసిరాదంటారు. మా పిన్నికి కాలం సమయానికే వచ్చింది. ఇంట్లోవాళ్ళే దానికి షట్టరు దించారు.