గుమ్మడి పాదు దగ్గర కెమెరా

ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే మధ్యలోనే ఆపి, నువ్వు చూశావా, ఎవరో చెప్పగా విన్నావా అని నిలదీసే రకం నేను. హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మా స్టాఫ్ రూములో అలాంటి మాటలు నా ముందు ఎవరూ ఎత్తరు. ఇది కూడా అక్కడ చెప్పలేదు. చెబితే నా ప్రశ్న నాకే వేస్తారు. చూశాననీ అనలేను, చూడలేదనీ అనలేను.

మాది కేసముద్రం. ఇల్లు ఊరి చివర. వాకిలి దాటాక బోరు, బోరు పక్కన కంచె. ఏటా ఆ కంచె మీదికి గుమ్మడి పాదు పారిస్తాం. ఒక ఎండాకాలం పట్టపగలే ఎవరో వచ్చి బోరు మోటరు వైరు కోసుకుపోయారు. కెమెరా మాట అప్పుడు మొదలైంది.

మా ఆయన మార్కెట్ యార్డులో గుమస్తా. పత్తి బస్తాను చూసినట్టే ఏ వస్తువునైనా అటూ ఇటూ తిప్పి చూసి గానీ కొనరు. వైరున్న కెమెరా అయితే నమ్మకం అన్నారు. మోటరు వైరు కోసినవాడికి కెమెరా వైరు ఒక లెక్కా అన్నాను నేను. చివరికి మహబూబాబాద్‌లో వైర్‌లెస్‌దే తీసుకున్నాం. పైన చిన్న సోలార్ పలక, లోపల బ్యాటరీ. అది రోజంతా రికార్డు చేస్తూ కూర్చోదు. ఒంటి వేడి ఉన్నదేదైనా ఎదురుగా కదిలితే లేచి, వీడియో తీసి, ఫోనుకు కబురు పంపుతుంది. షాపతను రెండు రకాలు చూపించాడు. ఒకటి ఊరికే వీడియో తీసేది, రెండోది సైరన్ కూడా మోగించేది. దొంగ పోయాక వాడి వీపు చూసుకుని ఏం చేస్తాం, సైరన్‌దే ఇమ్మని నేనే అన్నాను. పొద్దుపోయినప్పటి నుంచి తెల్లారేదాకా మోగేలా పెట్టుకున్నాం.

మా ఎదురింట్లో రాజవ్వ ఉండేది. భర్త లేడు, ఒక్క కూతురు, ఆమెను చిట్యాలకు ఇచ్చారు. నేను ఈ ఊరికి కాపురానికి వచ్చేనాటికే మా అమ్మ పోయింది. బతుకమ్మ పేర్చడం నాకు రాదని తెలిసి రాజవ్వ ఎంత నవ్విందో. ఆ యేడు నుంచి మా ఇంటి బతుకమ్మ కూడా ఆమే పేర్చేది. బతుకమ్మ రోజుల్లో తెల్లవారకముందే వచ్చి మా కంచె మీది గుమ్మడి పూలు కోసుకునేది. అడిగేది కాదు. మా దగ్గర బతుకమ్మ పూలకు ఎవరూ ఎవరినీ అడగరు. ఎవరి కంచె మీద పూస్తే వాళ్ల కంచె దగ్గరికి పోయి తెంపుకోవడమే. దాన్ని దొంగతనం అని ఎవరూ అనరు. పైగా రాజవ్వ పిందె ఉన్న పువ్వును ముట్టుకునేది కాదు. ఉత్త మగ పూలే ఏరి కోసేది. ఇంతా తెలిసి, కెమెరా కొనేటప్పుడు ఆమె సంగతి మా ఇద్దరిలో ఒక్కరికీ గుర్తుకు రాలేదు.

పండగ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ పొద్దున సైరన్ మోగింది. వాడంతా లేచింది. నేను పరుగున వెళ్లేసరికి కెమెరా ఎర్ర లైటు కింద రాజవ్వ నిలబడి ఉంది, కొంగు నిండా పూలు. గోడ అవతల నుంచి ఎవరో "దొంగ దొరికిందా?" అని అరిచారు. ఎవరో నవ్వారు. రాజవ్వ కొంగులోని పూలు మా గోడ మీద పోసి, తన ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది.

వెంటనే సైరన్ తీసేయించి ఆమె దగ్గరికి పోయాను.

"గది మిషిని, రాజవ్వా. దానికి మనుషులు ఏమెరుక?" అన్నాను.

"మిషినికి ఎరుక లేదు బిడ్డా. పెట్టినోళ్లకు ఎరుక ఉండాలె గదా" అంది.

మర్నాడు నేనే పూలు కోసి గంపలో తీసుకుపోయాను. తీసుకోలేదు. "బతుకమ్మ పూలు ఎవలన్న ఇస్తె తీసుకుంటరా బిడ్డా? తెంపుకునేటియి గవి" అంది. కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా చెప్పింది. ఆమె అన్నది నిజమే. ఆమె తనంతట తను మా కంచె దగ్గరికి వచ్చి తెంపుకుంటే తప్ప దొంగ అన్న ఆ మాట పోదు. ఆ యేడు మా బతుకమ్మ నేనే పేర్చాను. ఆట మధ్యలోనే ఒక పక్కకు ఒరిగింది.

తర్వాతి యేడు వానాకాలంలో పాదు బాగా పారింది. ఒకరోజు రాజవ్వ దారిన పోతూ ఆగి, ఆకులు సవరించి, "ఈయేడు మంచిగ పూస్తది" అంది. నా ప్రాణం లేచొచ్చింది. "వస్తవా రాజవ్వా?" అని అడిగాను. "సూద్దాం తియ్యి" అంది. అన్నప్పుడు మొహంలో నవ్వుంది, అది మాత్రం నేను చూశాను. ఆ నెలలోనే జ్వరమొస్తే కూతురు చిట్యాలకు తీసుకుపోయింది. అక్కడి నుంచి భూపాలపల్లి దవాఖానకు తీసుకుపోయారు. తిరిగి రాలేదు. మట్టి చేసేనాడు మేమిద్దరం వెళ్లాం. 

ఇక అసలు విషయం. ఆ యేడు ఎంగిలిపూల పొద్దున నా ఫోన్ మోగింది. కంచె దగ్గర ఏదో కదిలిందని కెమెరా కబురు. వీడియో తెరిచి చూస్తే ఎవరూ లేరు. తుంపర పడుతోంది. ఒక తీగ పైకి లేచి, కొంచెంసేపు అలాగే ఉండి, మెల్లగా కిందికి దిగింది. అంతే.

వెళ్లి చూశాను. మగ పూలన్నీ కోసి ఉన్నాయి. పిందె పూలు ఒక్కటి కూడా పోలేదు.

మా ఆయన కోతులన్నారు. కోతులు వస్తే పాదు మిగలదు, మగ పువ్వని ఆడ పువ్వని చూడవు. మేక అన్నారు. మేక ఆకు వదిలి పువ్వు తింటుందా? వాడలో ఎవరైనా కోశారేమోనని అందరినీ అడిగాను. ఎవరూ కోయలేదన్నారు. కోసి ఉంటే దాచాల్సిన పని లేదు, మా దగ్గర అది తప్పే కాదు. ఆ సాయంత్రం ఆట దగ్గర ఏ బతుకమ్మలోనూ గుమ్మడి పువ్వు కనబడలేదు. షాపతనికి ఫోన్ చేస్తే లెన్సు మీద సాలీడు పాకినా అలా అవుతుందన్నాడు. నిచ్చెన వేసుకుని ఎక్కి చూశాం. సాలీడు లేదు, గూడు లేదు.

మర్నాడు తెల్లవారకముందే వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాను. గాలి లేదు. చేతిలో ఫోన్ మోగింది. నా కళ్ల ముందే తీగ లేచింది. నాకు భయం వేయలేదు. ఏడుపొచ్చింది. ఉండబట్టలేక "రాజవ్వా!" అని పిలిచాను.

తీగ టక్కున పడిపోయింది. ఆ రోజు పూలన్నీ పాదు మీదే మిగిలాయి. ఆమెను రెండోసారి కూడా నేనే బెదరగొట్టాననిపించి, నోరు మూసుకుని ఎందుకు ఉండలేకపోయానా అని ఆ రోజంతా నన్ను నేను తిట్టుకున్నాను.

ఆ తర్వాత బయటికి వెళ్లలేదు. మంచం మీద పడుకుని ఫోన్ మోగడం కోసం వినేదాన్ని. మోగింది. రోజూ మోగింది. అలిగిన బతుకమ్మ రోజు మాత్రం మోగలేదు. ఆ రోజు మేం బతుకమ్మ ఆడం, పూలు కోయం. కెమెరాకు అది తెలిసే దారి లేదు. చివరి రోజు, సద్దుల బతుకమ్మ పొద్దున మళ్లీ మోగింది. పండగ అయిపోయాక ఆ కంచె దగ్గర అలా ఎప్పుడూ కాలేదు. కుక్క వస్తే కుక్క కనబడింది, పాలాయన వస్తే పాలాయన కనబడ్డాడు. కిందటేడు బతుకమ్మకు మళ్లీ అంతే. కెమెరా పాడైందనుకుందామంటే, పండక్కే పాడై పండగ అయ్యాక బాగయ్యే కెమెరా ఉంటుందా? నాకు జవాబు తెలియదు. పిల్లలు ఇలాంటి ప్రశ్న అడిగితే తెలియదనే చెబుతాను.

ఇప్పుడు ఆ బ్యాటరీ నిలవడం లేదు. మా ఆయన కొత్తది చూసొచ్చారు. ఇందులో ఉత్తుత్తి కబుర్లు రావట, ఆకు కదిలినా నీడ పడినా పట్టించుకోదట, నిజంగా మనిషి ఉంటేనే చెబుతుందట. "గిదైతె పరేషాన్ ఉండది" అన్నారు.

వద్దన్నాను. ఎందుకని అడిగారు. పాతదే బాగుచేయించమని మాత్రం చెప్పాను. కొత్తదానికి రాజవ్వ మనిషి కాకపోతే నేనేం చేయాలో ఆయనకెట్లా చెప్పను?