నాన్న గుర్తుపట్టిన పాము

మొన్న ఆదివారం బళ్ళారి గాంధీనగర్‌లో మా పక్కింటావిడ గోడ మీదుగా ఫోన్ చాపి, "టీచరమ్మా, మా పూలకుండీల వెనక ఉండాది ఇది. యావ పామో చూసి చెప్పండి, మీ నాన్నకి పాములన్నీ తెలుసంట కదా" అంది. ఫొటో సరిగా చూడకుండానే నాకు తెలియదన్నాను, పాములు పట్టేవాణ్ణి పిలవమన్నాను. ఆవిడ చిన్నబుచ్చుకుంది. నిజానికి నాకు చూడాలంటేనే భయం వేసింది.

మా నాన్నకి పాములు తెలుసన్నది సిరుగుప్ప వైపు హచ్చొళ్ళి దగ్గర మా క్యాంపులో అందరూ ఒప్పుకున్న మాట. కాలవ నీళ్ళను నమ్ముకుని కోస్తా నుంచి వచ్చి వరి వేసుకున్న మాలాంటి వాళ్ళ ఇళ్ళ గుంపునే అక్కడ క్యాంపు అంటారు. ఏ గట్టున పాము కనబడినా కొట్టి, కర్రకు వేలాడేసుకుని మా కళ్ళంలోకి తెచ్చేవారు. నాన్న వెంటనే చూసేవాడు కాదు. ముందు కాఫీ అడిగేవాడు, తర్వాత కళ్ళజోడు తుడుచుకునేవాడు, అప్పుడు పుల్లతో పామును తిరగేసి, తల చూసి, పొట్ట చూసి తీర్పు చెప్పేవాడు. "జడ్జిగారి కోర్టు లేచిందా, అన్నం వడ్డించనా?" అని అమ్మ వంటింట్లోంచి ఎగతాళి చేసేది. ఆయన చెప్పింది చాలాసార్లు నిజమే అయ్యేది. అదే కొంప ముంచింది.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. నేను బీఎడ్ పూర్తిచేసి ఇంటి దగ్గరున్నాను. మా పొలానికి నాట్లకీ కలుపుకీ ఏళ్ళ తరబడి వచ్చే హచ్చొళ్ళి మనిషి, నాకు అక్క వయసుది, ఒకరోజు పొద్దున రాళ్ళగుట్ట పక్కన పేర్చిన పత్తికట్టె తీస్తుంటే పాము చేతిమీద కరిచింది. పక్కనున్న కూలీలు దాన్ని కొట్టి తెచ్చారు. జానెడుంది. నాన్న పుల్లతో తిప్పి చూసి, "ఇది గడ్డిపామే అమ్మా, విషముండదు. మా వైపు చేలల్లో ఇవి కాళ్ళకి అడ్డం పడేవి" అన్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని నేలమీద కూర్చుని ఉంది. "కాదప్పా. అది ముద్దగా సుట్టుకొని ఒళ్ళు రాసుకుంటాండె. గరగరమని సద్దు ఇనపడె. సిన్నదే గాని శానా చెడ్డది. నేను దవాఖానకి పోతా" అంది. నాన్న నవ్వాడు. ఆయనకు తెలిసినవన్నీ తడినేల పాములు. ఈ ఎండురాళ్ళ మధ్య బతికేదాన్ని ఆయన అంతకు ముందు చూసిందే లేదు. పైగా ఆయన చూసింది చచ్చిన పామును. చప్పుడు విన్నది ఆమె.

ఆమె నా వైపు తిరిగి, "సదువుకున్నావు కద పాపా, నువ్వన్న చెప్పు" అంది. "నాన్నకు తెలుసులే అక్కా" అన్నాను. నాకేం తెలుసని అన్నాను? ఆ మాటకి ఇప్పటికీ సిగ్గుపడతాను. అలా గంటసేపు నచ్చజెప్పాక ఆమె కరిచినచోట పసుపు అద్దుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

మూడోరోజు పొద్దున ఆమె మొగుడు పరుగెత్తుకొచ్చాడు. "చెయ్యంతా వాసిండాది అప్పా, పండ్లల్లో రక్తం నిల్చేదే లేదు" అన్నాడు. నాన్న ట్రాక్టరు తీశాడు. సిరుగుప్పలో బండి మాట్లాడి ఆమెను బళ్ళారి ఆసుపత్రికి చేర్చారు. నేనూ వెంట వెళ్ళాను. డాక్టరు నాన్నను అడిగాడు: "పాము చుట్ట చుట్టుకుని ఒళ్ళు రాసుకుందా? చప్పుడు చేసిందా?" నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చివరికి, "చేసిందనే చెప్పింది" అన్నాడు. అది రక్తపింజరి జాతిలోదే, చిన్నపింజరి అనీ, కరిచిన రోజే తేవాల్సిందనీ డాక్టరు అన్నాడు. సాయంత్రానికి ఆమె పోయింది.

ఆ తర్వాత నాన్న ఏ పామునూ చూడలేదు. ఎవరైనా కర్రకు వేసుకుని వస్తే కళ్ళం బయటే ఆపి, "కరిచిందా? ముందు ఆసుపత్రికి పొండి" అనేవాడు. ఆమె మొగుడు మళ్ళీ మా పొలానికే పనికొచ్చాడు, నాన్నను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. కరిచాక ఆమె మూడు రోజులు బతికింది. అందులో ఆమెను కాపాడుకోవడానికి పనికొచ్చే గంటలు మొదట్లోనే ఉన్నాయి. వాటిని మేం, మాకు తెలుసని ఆమెను నమ్మించడానికి వాడేసుకున్నాం.