వర్నెల్ నా చేతికిచ్చిన బింగో బుట్ట

వర్నెల్ టబ్స్ బడి పెడుతోందని వినగానే మా వీధిలో అందరూ అడిగిన మాట ఒకటే: దీని వెనక ఎవరున్నారు? నేనూ అదే అడిగాను. డెట్రాయిట్ తూర్పు వైపున, మా నల్లవాళ్ళ పేటలో నాకో బ్యూటీ పార్లర్ ఉంది. నా కుర్చీలో కూర్చున్న ఏ మనిషీ నోరు మూసుకుని లేచిపోలేదు, కాబట్టి ఎవరి మీద ఎవరికి అనుమానమో ముందు నాకే తెలుస్తుంది.

వర్నెల్ టీచరు కాదు. పసుపు రంగు స్కూలు బస్సు తోలేది. మా చుట్టుపక్కల బళ్ళు ఒక్కొక్కటే మూసేస్తుంటే ఆమె రూటు అంతకంతకూ పొడుగైంది. పిల్లలు బస్సులోనే నిద్ర, బస్సులోనే చిప్సు పొట్లంతో టిఫిను. ఆమె పెంచుకుంటున్న కూతురి కొడుకు ఒమారి ఒకరోజు "అమ్మమ్మా, బడి మనకి ఇంత దూరం ఎందుకు పారిపోయింది?" అన్నాడట. ఆ మాటతో ఉద్యోగం మానేసిందట. ఈ 'అట'లన్నీ ఆమె చెప్పినవే. నేను నమ్మలేదు.

నమ్మకపోవడానికి కారణం ఉంది. అంతకుముందు మూతబడ్డ తివాచీల కొట్టులో ఇలాగే ఒక చార్టర్ స్కూలు పెట్టారు. డబ్బు సర్కారుది, నడిపేది బయటివాళ్ళు, ఫీజు లేదు. బెలూన్లు కట్టారు, హాట్‌డాగులు పంచారు. క్రిస్మస్ సెలవులయ్యాక పిల్లలు వెళ్ళేసరికి తలుపుకి గొలుసు, తాళం. నా మనవరాలు జమారా చలిలో ఆ గొలుసు పట్టుకుని ఊపుతూ నిలబడింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

వర్నెల్ నిమ్మకాయ కేకు చేసుకుని ఇంటింటికీ తిరిగింది. నా పార్లర్‌కీ వచ్చింది.

"కేకు బాగుంది. ఎవరు కొనిచ్చారు?" అన్నాను.

"పిండి నాది, గుడ్లు నావి. ఇంకా తిను, ఒలీటా."

"నీ కమిటీలో తెల్లవాళ్ళెంతమంది?"

"ఒక్క వకీలు. నువ్వు నన్నడిగినన్ని ప్రశ్నలు నేను అతన్నడిగే తీసుకున్నాను. జమారా పేరు ఇవ్వవే."

"చూద్దాంలే."

కేకంతా తిన్నాను. పేరూ ఇచ్చాను. అనుమానం ఉన్నంత మాత్రాన ఆశ చచ్చిపోదు కదా.

సీట్ల కంటే పిల్లలు ఎక్కువయ్యారు. అలాంటప్పుడు డ్రా తీయాల్సిందే. కంప్యూటరు తీస్తుందనగానే వీధంతా లేచింది. ఆ కంప్యూటరు ఎవరిది, మీట నొక్కేది ఎవరు అని గోల. దాంతో వర్నెల్ అందరి కళ్ళెదుటా తీస్తానని, పిల్లలకి తలో అంకె ఇచ్చింది. ఆవలి వీధి క్యాథలిక్ చర్చి నుంచి బింగో అనే అంకెల పందెం ఆడే తీగల బుట్ట, అంకెల బంతులు అరువు తెచ్చింది. తెచ్చింది ఎక్కడికి? మా బాప్టిస్టు చర్చికి, ప్రతి ఆదివారం లాటరీ టిక్కెట్లు కొనేవాళ్ళని తిట్టే పాస్టర్ గైన్స్ దగ్గరికి.

"జూదం సామానా, సిస్టర్ టబ్స్?" అన్నాడాయన.

"మీ టోపీలో చీట్లు వేసి తీస్తే, పాస్టరుగారూ, మీరే దాచారంటారు."

పైన దేవుడి హాల్లో వద్దు, కింద భోజనాల గదిలో పెట్టుకోమన్నాడాయన.

ఆ రోజు నేను చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని ఉన్నాను. వర్నెల్ నన్నే వెతికి పట్టుకుంది.

"రా, బుట్ట తిప్పేది నువ్వే."

"నేనెందుకు?"

"ఇక్కడ నన్ను నీ అంత అనుమానించేవాళ్ళు లేరు. నువ్వు తిప్పితే ఇంకెవరూ నోరెత్తరు."

బల్ల కింద చూశాను. బుట్ట కుదిపి చూశాను. "ఒమారి సీటు ముందే తీసి పెట్టుకున్నావా?" అని అందరికీ వినపడేలా అడిగాను.

"బడి పెట్టినవాళ్ళ పిల్లలకి తీసి పెట్టుకోవచ్చని చెప్పానండీ. ఈవిడే వద్దన్నారు," అన్నాడు వకీలు.

"వాడి బంతి అందులోనే ఉంది. వెతుక్కో," అంది వర్నెల్. వెతికాను. ఉంది.

తిప్పడం మొదలుపెట్టాను. పేరు వచ్చిన తల్లులు ఏడ్చారు, రాని తల్లులూ ఏడ్చారు. ఒమారి ముందు వరసలో కూర్చుని నా నోటివంకే చూస్తున్నాడు. చివరి సీటు మిగిలింది. బంతి నా అరచేతిలో పడింది. జమారాది. ఒక్క క్షణం దాన్ని మళ్ళీ బుట్టలో పడేద్దామనిపించింది. అంత మంది చూస్తుండగా ఏం చేయను? చదివాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. "తిప్పే చెయ్యి ఎవరిదో సీటూ వాళ్ళదే," అంది వెనకనుంచి ఒకామె. ఆవిడ జడలు పొద్దున నేనల్లినవే. తల దించుకుని మిగిలిన బంతులూ తీశాను, ఎవరైనా సీటు వదిలేస్తే ఆ వరసలో ఇవ్వడానికి.

అందరూ వెళ్ళాక వర్నెల్ దగ్గరికెళ్ళాను. "జమారా సీటు ఒమారికి ఇచ్చేస్తా."

"వదిలేస్తే వరసలో తర్వాతి పిల్లకి పోతుంది. వీడు చాలా వెనకున్నాడు." బంతులు ఒక్కొక్కటే సంచీలో వేస్తోంది. "అయినా నీ సీటు వీడికొస్తే, అంతా నా నాటకమంటారు. ముందు నువ్వే అంటావు."

ఆమె అన్నది నిజమే. సంచీ మూతి నేను పట్టుకున్నాను.

బడి తెరిచారు. రోజూ పొద్దున వర్నెల్ గుమ్మంలో నిలబడి పిల్లలొక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తుంది. అదే వేళకి మూల మీద పసుపు బస్సు ఆగుతుంది. ఒమారి ఎక్కుతాడు, కిటికీలోంచి చెయ్యి ఊపుతాడు. ఆమె కూడా ఊపి, ఇటు తిరిగి మా జమారా బూటు లేసు కడుతుంది.

నేను వెళ్ళేముందు తలుపు పిడి వైపు చూస్తాను. ఒకరోజు వర్నెల్ కనిపెట్టేసింది.

"గొలుసు లేదులే, పో."

"రేపూ చూస్తా."

"చూడు. రోజూ చూడు. వచ్చే ఏడు డ్రాలో ఒమారి బంతి మళ్ళీ వేయాలంటే ఈ తలుపు తెరిచుండాలి కదా."