యాంటెన్నాకు కట్టిన నిమ్మకాయ

నేను సిడ్నీ దగ్గర బ్లాక్‌టౌన్‌లో ఉంటూ ట్రక్కు నడుపుతాను. కిందటేడాది సెకండ్‌హ్యాండ్ ట్రక్కు కొని పూజ చేయించాం. అందులో తోటి డ్రైవర్లతో మాట్లాడే సీబీ రేడియో ఉంది. మాట దూరం పోవడం లేదని ఆన్‌లైన్‌లో ఒక యాంప్లిఫయర్ తెప్పించాను. అది ఎన్ని వాట్లు ఇస్తుందో చూద్దామని ఒక శనివారం మీటరు తగిలించి, మైకు బటన్ నొక్కి పట్టుకోమని మా ఆవిడ లావణ్యకి చెప్పాను.

యాంటెన్నాకి వెళ్లిన పవర్‌లో సగం వెనక్కే వస్తున్నట్టు మీటరు చూపించింది. యాంటెన్నా వదులైందేమోనని చెయ్యి చాచాను.

"ముట్టుకోకు!"

పక్కింటి కెన్ అంకుల్ అరుస్తూ పరుగెత్తుకొచ్చారు. జీవితమంతా రేడియోలు బాగుచేసి రిటైరైన మనిషి. లావణ్య హడలిపోయి బటన్ వదిలేసింది.

"బటన్ నొక్కి ఉన్నప్పుడు యాంటెన్నాలో అంత పవర్ ఉంటుంది, ఇంకో క్షణమైతే నీ వేళ్లు కాలిపోయేవి" అన్నారాయన ఆయాసపడుతూ.

తర్వాత యాంటెన్నా అడుగున చూపించారు. దిష్టి తగలకూడదని నేనే ఇనుప తీగకు గుచ్చి కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు! పవర్‌ని వెనక్కి తిప్పుతున్నది ఆ తీగే. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన నవ్వలేదు. "సీబీకి యాంప్లిఫయర్ వాడటం ఈ దేశంలో చట్టవిరుద్ధం, తీసెయ్. ఇది మాత్రం ఉండనీ" అంటూ ఆ తీగ విప్పి, ముందు బంపర్‌కి జాగ్రత్తగా కట్టారు. "ఇక్కణ్ణుంచి కూడా పనిచేస్తుందా?" అని అడిగారు.

ఇప్పుడు వారం వారం ఫెన్సు మీంచి ఆయనే గుర్తుచేస్తారు, నిమ్మకాయ ఎండిపోయింది, మార్చమని. ఆయన దయవల్ల కాలకుండా మిగిలిన ఈ వేళ్లతోనే కొత్తది కడుతుంటాను.