గుండ్రంగా రాసిన పేర్లు

వాగ్దేవికి వందనం. విశ్వావసు మార్గశిర శుద్ధ విదియ.

సమ్మెకు ముందుగా నోటీసివ్వాలన్న కొత్త కార్మిక చట్టాన్ని పత్రికలో చదవగానే ప్రొద్దుటూరి పత్తిమిల్లు గుర్తుకొచ్చింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. సంఘం పెట్టుకుంటామని మిల్లు కూలీలు మా ఇంట్లో అర్జీ రాసి, మొదటివాడెవడో మిల్లు సావుకారుకు తెలియకుండా పేర్లను గుండ్రంగా చుట్టి రాశారు.

"శుభ్రంగా ఎత్తి రాయి పాపా, నీ రాత శానా బాగుంటాది," అన్నాడు మిల్లులో నాన్నతో పనిచేసే మస్తాన్ మామ.

"మన రాతలు కోళ్లు కెలికినట్టుంటాయిలే అప్పా," అని నాన్న నవ్వాడు.

ఆ గుండ్రం చదువురానివాళ్ల పొరపాటనుకున్నాను. కొత్త కాగితం మీద గీతలు కొట్టి, వరుసగా అంకెలు వేసి, ఒకటో అంకె ఎదుట ప్రేమగా నాన్న పేరు రాశాను. మస్తాన్ మామ దాన్ని చూడకుండానే మడిచి తీసుకుపోయి మిల్లు ఆఫీసులో ఇచ్చాడు.

ముందుగా నోటీసిమ్మనడమంటే, ముందు నిలబడినవాణ్ణి చూపమనడమే. నేను తెలియక చూపాను.

ఆ ఏడు వైశాఖ బహుళ పంచమినాడు నాన్నను పనిలోంచి తీసేశారు. ఆ మిల్లులో సంఘం ఏర్పడలేదు.