మామ రాళ్లు, కమలాపురం ఎనుము

ఆ రోజుల్లో డిగ్రీ అయిపోయి ఉద్యోగం రాని పిల్లగాడి ఇంట్లో ఒక కంప్యూటరుంటే చాలు, బంధువులందరికీ వాడు ఇంజనీరే. డోన్‌లో నా పరిస్థితి అదే. నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ నడిపే మా మేనమామ ఒక పొద్దున వచ్చి, "అల్లుడా, నా రాళ్లకు ఒక వెబ్‌సైట్ చేసిపెట్టప్పా" అన్నాడు. సరేనన్నాను. (నాకు రాదని చెప్పే అలవాటు అప్పట్లో లేదు.) కంప్యూటర్‌లో సర్వర్ ప్రోగ్రామ్ ఎక్కించినాను. స్టార్ట్ నొక్కిన ప్రతిసారీ అది ఎర్ర అక్షరాలేవో కక్కి ఆగిపోయేది. తీసేసి మళ్లీ ఎక్కించినా అంతే. చివరికి తేలిందేమంటే, దానికి కావలసిన పోర్టులో వీడియో కాల్స్ ప్రోగ్రామ్ ఒకటి ముందే తిష్ట వేసింది, రైల్లో మన సీట్లో టవలు పరిచి పడుకున్నవాడిలాగా. దాన్ని లేపి పంపించగానే పచ్చలైటు వెలిగింది. రాళ్ల ఫొటోలతో మామ పేజీ తెరుచుకుంది.

మామ కళ్లు చెమర్చినాయి. "ఇది అందరికీ కనపడుతాదా?" అన్నాడు. "ఇప్పటికి మన కంప్యూటర్లోనే మామా, నెట్‌లోకి ఇంకా ఎక్కించల్ల" అని నేను చెప్పేలోపే, అడ్రసు గడిలో ఉన్న 'లోకల్‌హోస్ట్' అనే మాటను జపం చేసుకుంటూ వాకిలి దాటినాడు. ఆ మాటకు 'ఈ కంప్యూటరే' అని అర్థమనీ, ఎవరింట్లో కొడితే వాళ్లింటి సరుకే చూపిస్తుందనీ చెప్పే సందివ్వలేదు. నేరుగా కమలాపురం పోయి, కొత్తిల్లు కడుతున్న ఒక రైతు ఇంట్లో కంప్యూటర్ ముందు అందరినీ కూర్చోబెట్టి, ఆ మాట కొట్టించినాడు. ఆ వెంటనే నాకు ఫోను.

"ఏమప్పా, నా రాళ్లు యాడికి పోయినాయి? ఈడ ఎనుము ఉండాది."

"ఎనుమా?"

"ఎనుమే, పాడి బర్రె. పేరు గౌరి అంట. ఎన్ని పాలిస్తాదో కూడా రాసినారు. ఇంటాయన నన్ను అదోలా చూస్తాండాడు."

ఇంతలో ఆ ఇంటి అమ్మాయి ఫోను అందుకుంది. "నేనూ వెబ్ పేజీలు నేర్చుకుంటాండా. మా సర్వర్లో ఉండేది మా గౌరి పేజీ" అంది, నవ్వాపుకుంటూ. (నన్ను 'అన్నా' అని పిలవలేదు. అది నేను వెంటనే గమనించినాను.) "మీ ఫైళ్లు మెయిల్ చేయండి, ఈడ పెట్టి చూపిస్తా. పెద్దాయన మొహం శానా చిన్నబోయింది." పంపించినాను. కాసేపటికి రాళ్లు ప్రత్యక్షమైనాయి. "నెట్ కొంచెం స్లోగా ఉండె" అని మామ వాళ్లకు సర్దిచెప్పి, ఇల్లంతటికీ ఆర్డరు పట్టుకొని వచ్చినాడు.

మరుసటి రోజు ఆ అమ్మాయి మళ్లీ ఫోన్ చేసింది. ఇప్పుడు ఎప్పుడు తెరిచినా మామ రాళ్లే వస్తున్నాయట, గౌరి రావడం లేదట. సర్వర్ సెట్టింగుల్లో ఒక్క లైను మారిస్తే పోయే తిప్పలు అది. కానీ నేను గొంతు గంభీరంగా పెట్టి, "ఇది కొంచెం లోతైన సమస్య, ఈ రోజు ఫోల్డర్లు చూద్దాం, రేపు పోర్టులు" అన్నాను. అట్లా ఆ ఒక్క లైనును నెల పొడుగునా సాగదీసినాను. ఆమె ఊ కొడుతూ ఓపికగా వినేది.

మా ఇద్దరికీ పెళ్లయినాక ఒక సాయంత్రం నా గడుసుతనం గురించి ఆమె దగ్గరే గొప్పలు పోయినాను. ఆమె వంకాయలు తరగడం ఆపకుండానే, "ఆ లైను నీకు ఫోన్ చేయకముందే మార్చినా" అంది.

మిద్దె మీద అటూ ఇటూ తిరుగుతూ పోర్టుల మీద ఉపన్యాసాలిచ్చిన ఆ పిల్లగాడు ఇప్పటికీ నాకు గుర్తొస్తాడు. పాపం, సాగదీస్తున్నది తానేననుకున్నాడు.